ఎడమ పెట్టె

ఆరిన్ నోరు తెరిచి ఏమీ అడగలేదు.
వంటింటి బల్ల మీద నూనెగుడ్డ విప్పి
రివాల్వర్‌ని మెల్లగా జరిపాడు,
పిడి నా వైపు, గొట్టం గోడ వైపు.
"మంచు కరిగేదాకా నీ దగ్గరుండనీ, మారిట్."

ఎందుకని నేనూ అడగలేదు.
వడగళ్ళు తిన్న గోధుమచేను
కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.
మేకుకి నెల్ కోటు, ఆమె భుజాల వంపుతో సహా,
ఇంకా వేలాడుతూనే ఉంది.

సిలిండర్ పక్కకి తోశాను. ఆరు తూటాలు
అరచేతిలోకి జారాయి, అనుకున్నదానికన్నా చల్లగా.
వెలుగుకేసి పట్టి చూశాను:
ఆరు కన్నాలు, ఆరు ఆకాశం ముక్కలు.
మళ్ళీ లెక్కపెట్టాను.
ముప్పై ఏళ్ళు బడి బస్సుల బ్రేకులు బిగించిన చేతులు,
ఒకసారి చూసి ఊరుకోవు.

నడుముకి కట్టుకొమ్మని అందరూ చెప్తారు.
రూడీ స్వోబోడా సర్కిల్ దగ్గర కంకరలో జారినప్పుడు
రోడ్డుకీ ఎముకకీ మధ్య వాడి పిస్టల్ ఉంది.
తుంటి ఎన్ని ముక్కలైందో డాక్టరు చెప్పలేదు,
ఎక్స్‌రే కిందపెట్టి చేయి ఊపాడంతే.
పడితే నేనొక్కదాన్నే పడాలి,
నాతోపాటు ఇనుము పడకూడదు.

అందుకే ఎడమ పెట్టె.
దాని అడుక్కి నాలుగు కొక్కేలతో బిగించిన ఉక్కు డబ్బాలో,
స్పాంజి మధ్య,
నిద్రపోతున్న పాముని దించినట్టు దించాను.
తూటాలు కుడి పెట్టెలో, ఉన్ని మేజోడులో ముడేసి.
తాళంచెవి మెడలో, చొక్కా లోపల.

ఆరిన్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.
"ఎడమకి లాగుతుంది" అన్నాడు.
నేలమాళిగలోకి దిగి
చోక్‌చెర్రీ జామ్ సీసాలు రెండు తెచ్చాడు.
మూతల మీద నెల్ చేతిరాత.
కుడివైపు సర్ది, హ్యాండిల్ పట్టి ఊపి చూసి
"ఇప్పుడు సమం."
ఆ రోజు అతను నవ్వినట్టనిపించింది అప్పుడే.

సర్కిల్ దాటాక మోంటానా అంతా గాలే.
రోడ్డు ఎంత తిన్నగా ఉంటుందంటే
ఆలోచనకి మలుపు దొరకదు.
జింకలు కంచె అవతల నిలబడి చూస్తాయి,
నేను దొంగసొత్తు మోస్తున్నట్టు.

జోర్డాన్‌లో ఆగాను. కొక్కేలు విప్పి
డబ్బా చంకన పెట్టుకుని లోపలికి.
బండి మీద వదిలితే తాళం బండికే గాని
దాన్ని ఎత్తుకుపోయేవాడికి కాదు.
మరుగుదొడ్డిలోకి కూడా తీసుకెళ్ళాను,
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, సిగ్గుపడకుండా.
కాఫీ పోసే పిల్ల అడిగింది, "అన్నం డబ్బానా?"
"ఒకాయన చలికాలం" అనబోయి
పంచదార అందుకున్నాను.

మోస్బీ దగ్గర మసిల్‌షెల్ వంతెన మీద
ఇంజను ఆపేశాను.
కింద బురదరంగు నీళ్ళు, ఓపిగ్గా.
విసిరేస్తే?
ఒక్క విసురు. చలికాలం లేదు, తాళం లేదు,
రాత్రి మూడింటికి లేచి తడిమి చూసుకునే పని లేదు.
గ్లవ్ తీసి తాళంచెవి పట్టుకున్నాను కూడా.

కానీ దాచిపెట్టమన్నాడు.
తిరిగిచ్చేదాన్నే దాచిపెట్టమంటారు.
అంటే ఎక్కడో, ఏ మూలో,
అతనికి ఏప్రిల్ కనిపిస్తోందన్నమాట.
దాన్ని నేను నీళ్ళలో ఎలా పారెయ్యను?
వేళ్ళు కొంకర్లు పోయేదాకా అక్కడే నిలబడి
బండి స్టార్ట్ చేశాను.

లూయిస్‌టౌన్ చేరేసరికి చీకటి.
రివాల్వర్ గరాజ్ సేఫ్‌లో, తూటాలు మేడ మీద,
తాళంచెవి ఎక్కడో, ఇక్కడ రాయను.
హెల్మెట్ కూడా తియ్యకుండా ఫోన్ చేశాను.

"చేరావా?"
"చేరాను."
"బండి లాగిందా?"
"పడమటి గాలి. రోజంతా వెనక్కే తోసింది,
నీ ఊరివైపు."
అవతల చాలాసేపు ఫ్రిజ్ మోత.
"ఒక సీసా విప్పకుండా ఉంచు" అన్నాడు.
"వచ్చి తింటాను."
"రొట్టె నువ్వే తేవాలి" అన్నాను, "నాకు పొంగదు."